గీత దాటితే యానాం

మా అమ్మమ్మ పెళ్ళి మగపెళ్ళివారి ఊళ్ళో జరిగింది. ఆ రోజుల్లో ఎవరైనా వింటే ముక్కున వేలేసుకునే సంగతి ఇది. పెళ్ళంటే ఆడపిల్ల ఇంటి ముందు పందిరి పడాలి, మగపెళ్ళివారు బళ్ళు కట్టుకుని దిగాలి, విడిదిలో కాఫీ చల్లారిపోయిందని ఎవరో ఒక మేనమామ అలగాలి. అమ్మమ్మ వాళ్ళది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర ఓ పల్లెటూరు. 1934 వేసవిలో ఆడపెళ్ళివారే రెండు పడవలు మాట్లాడుకుని, వంటవాళ్ళని, గుండిగల్ని, అరటిగెలల్ని, పెళ్ళికూతుర్ని ఎక్కించుకుని గోదావరి దాటి యానాం వచ్చారు. ఎందుకంటే పెళ్ళికూతురికి ఎనిమిదేళ్ళు.

శారదా చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. 1929లో చేసి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు పెట్టారు. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్ళి చేస్తే నెల్లాళ్ళ దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. జైలు సంగతి అలా ఉంచండి, వెయ్యి రూపాయలంటే అప్పట్లో భూమి అమ్ముకోవాలి. కానీ ఆ చట్టం బ్రిటిష్ ఇండియాది. గోదావరి అవతలి గట్టున, కోరంగి పాయ చీలే చోట ఉన్న యానాం ఫ్రెంచివాళ్ళది. అక్కడ ఈ చట్టం లేదు. అందుకని రెండు గోదావరి జిల్లాల నుంచే కాదు, ఇంకా పైనుంచి కూడా జనం చంటిపిల్లల్ని చంకనేసుకుని వచ్చి, మీసాల వెంకన్న గుడి దగ్గర మూడు ముళ్ళు వేయించుకుని వెళ్ళిపోయేవారు. యానానికి కల్యాణపురం అనే పేరు అలా వచ్చిందే.

అమ్మమ్మకి ఆ పెళ్ళిలో గుర్తున్నవి రెండే. ‘పడవలో నిద్రపోయానురా. లేచేసరికి రేవులో ఎర్రటోపీ పెట్టుకున్న పోలీసు నిలబడున్నాడు. మా నాన్న నా చేతిలో జీళ్ళ పొట్లం పెట్టి, వాణ్ణి చూసి భయపడకు, మనవాడే అన్నాడు.’ మిగతాదంతా మర్చిపోయింది. తలంబ్రాలు, అరుంధతి, ఏదీ లేదు. ఎర్రటోపీ, జీళ్ళు. అంతే.

నాకు యానాం అంటే వేసవి సెలవులు. మాది అమలాపురం. స్కూలు మూసిన రెండో రోజుకే అమ్మ నన్నూ చెల్లినీ లాక్కుని ఎదుర్లంక బస్సెక్కేది. ఎదుర్లంక రేవులో బస్సు దిగితే ఎదురుగా గౌతమి. మరీ చిన్నప్పుడు అది సముద్రమే అనుకునేవాణ్ణి. దాటడానికి మనుషులకి లాంచీ, లారీలకీ కార్లకీ పంటు. పంటు చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, దాన్ని ఒక లాంచీ లాక్కెళ్తుంది. లారీ ఎక్కేటప్పుడు పంటు అంతా ఓ పక్కకి ఒరిగి కిర్రుమంటుంది. సరంగు ‘ఆపు ఆపు ఆపు, కొంచెం ముందుకి, ఆపమన్నానా’ అని అరుస్తుంటాడు. మాకు అది సినిమా కన్నా ఎక్కువ. లాంచీలో పోదామని అమ్మ ఎంత మొత్తుకున్నా పంటే కావాలని ఏడ్చేవాళ్ళం.

ఇంకో సంగతి, అక్కడ గోదారికి పోటూపాటూ ఉంటుంది, సముద్రం దగ్గర కాబట్టి. పాటు మీద బయల్దేరితే మధ్యలో మేట తగిలి ఆగిపోవడం ఖాయం. ఒకసారి అలా మధ్యగోదాట్లో ఇరుక్కుని, మళ్ళీ పోటు వచ్చేదాకా కూర్చున్నాం. నడినెత్తిన ఎండ. పంటు మీద ఒక కొబ్బరికాయల లారీ ఉంది, దాని నీడలో పాతికమంది. ఆ లారీ డ్రైవరు చివరికి జాలిపడి బొండాలు కొట్టిచ్చాడు. రాత్రి ఇంటికి చేరాక తాతయ్య ఒకటే అన్నాడు: ‘ఓడలకే తప్పలేదు, మీదెంత.’

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అసలు యానాం అనే ఊరు పుట్టిందీ ఓడల వల్లే, ఓడల దారి పూడిపోయాక కూడా బతికి ఉండటమే వింత.

ఫ్రెంచివాళ్ళు మొదట 1723లో వచ్చారు. గిట్టుబాటు కాక నాలుగైదేళ్ళకే కోఠీ, అంటే సరుకు కొని దాచే వ్యాపార స్థావరం, మూసేసి వెళ్ళిపోయారు. మళ్ళీ 1731లో వచ్చి ఈసారి నిలబడ్డారు. ఎందుకు ఇక్కడే అంటే, పక్కనే ఉన్న కోరంగి రేవు దగ్గర సముద్రం నెమ్మదిగా ఉంటుంది, పెద్ద ఓడలు లంగరు వేసుకోవచ్చు, అక్కణ్ణించి చిన్న పడవల్లో సరుకు పైకీ కిందకీ. చుట్టుపక్కల ఊళ్ళన్నీ నేతగాళ్ళవి. సన్నబట్టకి అప్పట్లో మన గోదావరి పాయల మధ్య ఊళ్ళు ఎంత పేరంటే, నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరు ఇంగ్లీషువాళ్ళ నోట్లో మడపొల్లం అయి, యూరప్‌లో ఒక రకం గుడ్డకే పేరైపోయింది. యానాం కోఠీ పని కూడా అదే. దుబాసీ, అంటే రెండు భాషలూ తెలిసిన మధ్యవర్తి, ద్వారా సాలెవాళ్ళకి ముందే బయానా ఇవ్వడం, నేసిన తానులు గిడ్డంగిలో కొలిచి తీసుకోవడం, చాకళ్ళతో చలవ చేయించి మూటలు కట్టడం, ఓడ వచ్చేదాకా కాపలా కాయడం. ఊరంటే అప్పటికి అదే, నాలుగు గిడ్డంగులు, ఒక జెండా, ఒక దొర.

కూతవేటు దూరంలో ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళ కోఠీ ఉండేది. అదే సాలెవాళ్ళు, అదే నూలు, ఇద్దరు కొనేవాళ్ళు. ఇక పోట్లాట ఎలా ఉంటుందో సంతలో చేపలు కొన్న ఎవరికైనా చెప్పక్కర్లేదు. దాని వెనకే యుద్ధాలు. 1753లో ఉత్తర సర్కారులు మొత్తం ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికొచ్చాయి, అయిదేళ్ళు తిరిగేసరికి 1758 డిసెంబర్‌లో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, దాంతో ఈ వైపు వాళ్ళ కథ దాదాపు ముగిసింది. ఆ తర్వాత యూరప్‌లో వాళ్ళిద్దరికీ గొడవైనప్పుడల్లా ఇంగ్లీషువాళ్ళు వచ్చి యానాం లాక్కోవడం, అక్కడ సంధి కుదరగానే తిరిగి ఇచ్చేయడం. బాకీవాడి ఇంట్లో గేదెని తోలుకెళ్ళి, బాకీ తీరాక మళ్ళీ కట్టేసినట్టు.

ఇక్కడ పని చేసిన దొరల్లో నాకు నచ్చేది ఒక్కడే, సొన్నెరా అని. 18వ శతాబ్దం చివర్లో కొన్నేళ్ళు యానాం ఆయన చేతికిందే ఉంది. వ్యాపారం ఏం చేశాడో గానీ, మొక్కల్నీ పిట్టల్నీ చూసుకుంటూ తిరిగే మనిషి. మన దక్షిణాది అడవికోడికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఉన్నది ఈయన పేరే. ఈ సంగతి మా మావయ్యకి చెప్తే ‘దొరగారికి కోడిపందేల పిచ్చుండేదేమోరా, మన గోదారి గాలి పీల్చాడు కదా’ అన్నాడు.

1814లో సంధి కుదిరాక, రెండు మూడేళ్ళకి యానాం చివరిసారి ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది. ఒక షరతు మీద: కోట కట్టకూడదు, పోలీసులు తప్ప సైన్యం ఉండకూడదు. అంటే అమ్మమ్మ చూసిన ఆ ఎర్రటోపీవాడే మొత్తం రక్షణ శాఖ అన్నమాట. 1815లో ఇంకో ఒప్పందం జరిగింది, అది ఇంకా తమాషా. ఫ్రెంచి ఊళ్ళలో పండే ఉప్పు బయటికి పోకుండా ఉంటే చాలు, ఏడాదికి నాలుగు లక్షల సిక్కా రూపాయలు ఇస్తామని ఇంగ్లీషువాళ్ళు రాసిచ్చారు. ఉప్పు మీద గుత్త హక్కు వాళ్ళది కదా, పక్కనే ఇంకొకడు చవగ్గా అమ్ముతుంటే ఎలా. అమ్మినందుకు కాదు, అమ్మకుండా ఊరుకున్నందుకు డబ్బు!

ఈలోగా బట్టల బేరం చచ్చిపోతూ వచ్చింది. మిల్లుగుడ్డ ఓడల్లో ఇటే రావడం మొదలైంది. 1839 నవంబర్‌లో ఉప్పెన వచ్చి కోరంగిని ఊడ్చిపారేసింది. ఓడలు ఊళ్ళోకి కొట్టుకొచ్చాయి. ఇలాంటి తుపాన్ల మీద పుస్తకాలు రాసిన పిడింగ్టన్ అనే ఆయనే తర్వాత కలకత్తాలో కూర్చుని సైక్లోన్ అనే మాట పుట్టించాడు. ఉప్పెన మిగిల్చినదాన్ని గోదావరి ఒండ్రు పూడ్చేసింది. వ్యాపారమంతా కాకినాడకి పోయింది. కోరంగి మాటగా మాత్రం మిగిలింది, అదీ ఎక్కడో బర్మాలో, మారిషస్‌లో. ఈ రేవుల నుంచి కూలికి వెళ్ళిన మనవాళ్ళని అక్కడ కొరంగీలు అనేవారు. పక్కూరు అలా మాయమైపోతే యానాం మాత్రం ఎలా నిలబడింది?

తాతయ్యని అడిగితే వీధరుగు మీద కూర్చుని, చుట్ట ఆరిపోయిందని మళ్ళీ వెలిగించుకుని చెప్పేవాడు. ‘గుడ్డ పోయింది, ఓడ పోయింది, గీత మిగిలిందిరా. ఇంక ఆ గీతే అమ్ముకున్నాం.’

గీతంటే సరిహద్దు. అవతలి ఊరు నీలపల్లి వైపు నడుచుకుంటూ పోతే ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో కూడా తెలియదు, ఒకే రోడ్డు, ఒకే చింతచెట్లు, ఒకే చుట్టరికాలు. కానీ అవతల ఒక చట్టం, ఇవతల ఒక చట్టం. అవతల ఒక సుంకం, ఇవతల ఒక సుంకం. ఆ తేడా మీదే ఊరు మొత్తం బతికింది. మొదట ఉప్పు, తర్వాత పెళ్ళిళ్ళు. పెళ్ళి సీజన్‌లో తాతయ్య వాళ్ళ వీధిలో ప్రతి ఇల్లూ విడిదిల్లేనట. పురోహితులకి తీరుబడి ఉండేది కాదు, పూలవాడు, బాజావాళ్ళు, పడవలవాళ్ళు, అందరికీ పని. చదువుకున్నవాళ్ళు దేన్ని దురాచారం అంటున్నారో అదే మా ఊరి అన్నం. ఈ మాట రాయడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది, కానీ నేను పుట్టింది ఆ బేరం వల్లే.

తాతయ్య పెళ్ళినాటికి పద్నాలుగేళ్ళవాడు, ఫ్రెంచి బడిలో చదువుతున్నాడు. చివరిదాకా డబ్బులు లెక్కపెట్టుకునేది ఫ్రెంచిలోనే, అన్, దు, త్రువా అని. బేరం ఆడేది మాత్రం తెలుగులో. జూలై 14న బళ్ళో మిఠాయి పంచేవారని చెప్పేవాడు. ఆయన పెట్టెలో ఒక కాయితం ఉండేది, పుట్టిన సర్టిఫికెట్టు. పసుప్పచ్చగా మారిన మందపాటి కాయితం, పైన గుండ్రటి ముద్ర, కింద నీలం సిరాతో అందంగా వాల్చి రాసిన అక్షరాలు. మన పేర్లని వాళ్ళు రాసే పద్ధతే వేరు. మన ఒక్క ‘ఉ’కి వాళ్ళకి రెండక్షరాలు కావాలి, మన ‘చ’కి మూడు. తాతయ్య ఇంటిపేరులో రెండూ ఉన్నాయి. దాంతో ఆ పేరు కాయితం మీద ఈ చివర్నించి ఆ చివరిదాకా పాకింది. చిన్నప్పుడు నేను దాన్ని కూడబలుక్కుని చదివితే తాతయ్య పగలబడి నవ్వేవాడు. ‘ఆయనెవడో నాకు తెలీదురా’ అనేవాడు.

1947 ఆగస్టు 15న నీలపల్లిలో స్వాతంత్ర్యం వచ్చింది, యానాంలో రాలేదు. ఏడేళ్ళు అలా ఉంది పరిస్థితి. తర్వాత్తర్వాత ఇండియా వైపు నుంచి కస్టమ్స్ కంచె బిగించారు, సరుకులు రావడం కష్టమైంది, పక్కూరి కూతుర్ని చూసిరావాలన్నా సంచులు విప్పి చూపించాల్సి వచ్చేది. చివరికి 1954 జూన్ 13న, ఆదివారం, దడాల రఫేల్ రమణయ్య గారు వాలంటీర్లతో ఊళ్ళోకి వచ్చి జెండా ఎగరేశారు. ఆయనది యానాంలో ఫరంపేటే, ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ దగ్గరే పోలీసు ఉద్యోగం చేసిన మనిషి. అమ్మమ్మ ఆ రోజు తలుపులు బిగించుకుని లోపల కూర్చుందట, మా అమ్మని ఒళ్ళో పెట్టుకుని. తాతయ్య మటుకు గోడ మీంచి తొంగిచూశాడు. మిగతా ఫ్రెంచి ఊళ్ళ సంగతి తేల్చడానికి అక్టోబర్ 18న పాండిచ్చేరి దగ్గర కీళూరులో ఓటు పెట్టారు. మొత్తం 178 మంది ప్రతినిధులు, 170 మంది ఇండియా అన్నారు. నవంబర్ 1 నుంచి పాలన మారింది. కాయితాల మీద పూర్తిగా మారేసరికి 1962 ఆగస్టు 16 అయింది. ‘రెండు శతాబ్దాలు వాళ్ళ కింద ఉన్నాం, 178 మంది చేతులెత్తేసరికి అయిపోయింది. నన్నెవడూ అడగలేదు’ అనేవాడు తాతయ్య. కోపమో వేళాకోళమో ఎప్పుడూ తెలిసేది కాదు. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునే వీలు కొందరు వాడుకున్నారు, ఈయన వాడుకోలేదు. పింఛను వచ్చేది కదా అని అమ్మమ్మ దెప్పుతూనే ఉండేది.

అంతా అయిపోయింది కదా, ఇంక గీత చెరిగిపోవాలి. చెరగలేదు. యానాం పాండిచ్చేరితోనే ఉండిపోయింది, 800 కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న రాజధానితో, 30 చదరపు కిలోమీటర్ల నేలతో. చుట్టూ ఆంధ్రా. ఉత్తరం రాస్తే పిన్‌కోడు తూర్పు గోదావరిది, బండి కొంటే నంబరు పీవై 04. పన్నులు వేరు. అంటే మళ్ళీ బేరం మొదలు.

1995 జనవరిలో ఆంధ్రాలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. ఒక్కరాత్రిలో యానాం కల్యాణపురం కాస్తా ఇంకేదో పురం అయిపోయింది. నేను అప్పటికి అమలాపురంలో ఉద్యోగంలో చేరాను, నెలకోసారి అమ్మమ్మని చూడ్డానికి వెళ్ళేవాణ్ణి. శనివారం సాయంత్రం లాంచీలో చోటు దొరికేది కాదు. వెళ్ళేటప్పుడు గంభీరంగా కూర్చున్నవాళ్ళు వచ్చేటప్పుడు పాటలు పాడేవారు. ఎదుర్లంక రేవులో తనిఖీ. టిఫిన్ క్యారియర్లు విప్పించేవారు, సైకిల్ ట్యూబులు నొక్కి చూసేవారు, ఒకడి దగ్గర పుచ్చకాయ ఊపి చూడటం నా కళ్ళారా చూశాను.

ఆ ఏడు ఎండాకాలంలో అమ్మమ్మ ఆవకాయ పెట్టి పెద్ద జాడీ నాకిచ్చింది. గుడ్డ వాసెన కట్టి, పైన తాడు బిగించి, ‘తడి తగలనివ్వకు, మూడో రోజున తిరగెయ్యి’ అని పది సార్లు చెప్పింది. రేవులో తనిఖీ చేసేవాడు విప్పమన్నాడు. ఆవకాయండీ అన్నాను. అందరూ అలాగే అంటారు అన్నాడు. విప్పాను. ఘాటు కొట్టింది, తుమ్మాడు. అయినా నమ్మలేదు. పక్కనున్న గెడకర్ర ముక్క తీసి, అప్పుడే గోదాట్లోంచి తీసిన కర్ర అది, నీళ్ళు కారుతోంది, జాడీ అడుగుదాకా దింపి కలియబెట్టాడు. అడుగున సీసా తగుల్తుందేమోనని. ఏం తగల్లేదు. ‘వెళ్ళండి’ అన్నాడు. పది రోజుల్లో ఆవకాయ బూజుపట్టింది. అమ్మమ్మకి చెప్పలేదు. బ్రహ్మాండంగా ఉందన్నాను. తాతయ్య అప్పటికే పోయాడు, ఉంటే మటుకు చెప్పేవాణ్ణి, పడీపడీ నవ్వేవాడు.

1997లో నిషేధం సడలించారు. ఈలోగా 1996 నవంబర్ 6 రాత్రి తుపాను వచ్చింది. గోదావరి జిల్లాల్లో వెయ్యిమందికి పైగా పోయారు, చేపలవేటకి వెళ్ళినవాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. కొబ్బరిచెట్లు తలలు తెగి మొండేలు మాత్రం నిలబడ్డాయి. నేను రెండో రోజుకి గానీ గోదారి దాటలేకపోయాను. అమ్మమ్మ ఇంటి పెంకులు వీధిలో ఉన్నాయి. ఆవిడ పొరుగువాళ్ళ డాబా మీద కూర్చుని, తడిసిన బియ్యం ఆరబెట్టుకుంటోంది. తాతయ్య పెట్టెలోకి నీళ్ళు వెళ్ళాయి. ఆ కాయితాన్ని రెండు అరచేతుల మీదా పెట్టి పైకి తీశాను. నీలం సిరా అంతా కరిగి ఒక మరకైంది. ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు. పేరు పోయి ప్రభుత్వం మిగిలింది. అమ్మమ్మ చూసి ‘పోన్లే, ఎలాగూ ఎవడికీ నోరు తిరిగేది కాదు’ అంది. అయినా దాన్ని బియ్యం పక్కనే, రాయి బరువు పెట్టి, ఎండలో ఆరబెట్టింది.

2002లో వంతెన వచ్చింది, లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి పేరు పెట్టారు. పంటు ఆగిపోయింది. అమ్మమ్మని ఒకసారి కారులో దాని మీంచి తీసుకెళ్ళాను. సగం దూరం కళ్ళు మూసుకునే ఉంది. ‘ఎత్తుగా ఉందా?’ అన్నాను. ‘కాదురా, ఎనభై ఏళ్ళకి దగ్గరపడ్డాను, ఇంత తొందరగా ఎప్పుడూ దాటలేదు’ అంది.

మొన్న సంక్రాంతికి మావాణ్ణి తీసుకుని వెళ్ళాను. అమ్మమ్మ లేదు, ఆ ఇంటి స్థలంలో అపార్ట్‌మెంట్ లేచింది. సెయింట్ ఆన్స్ చర్చి, మీసాల వెంకన్న గుడి, ఏటిగట్టు మీద పార్కులు, బొమ్మలు, అన్నీ తిప్పి చూపించాను. మావాడు మర్యాదకి ఊఁ కొడుతూ ఫోన్ చూసుకుంటున్నాడు. నీలపల్లి వైపు వచ్చేసరికి మాత్రం తలెత్తి, ‘నాన్నా, నువ్వు చెప్తున్న ఆ గీత ఎక్కడ?’ అన్నాడు. నేనూ అటూ ఇటూ చూశాను. రోడ్డు పక్కన పెట్రోల్ బంకు కనిపించింది. అవతలికంటే ఇక్కడ లీటరు చవక కదా, వరసలో ఎనిమిది కార్లున్నాయి. నంబర్లు చదివాను, ఏడు ఆంధ్రావే.

‘ఇదే’ అని ఇండికేటర్ వేసి తొమ్మిదో కారుగా నిలబడ్డాను.